ఆయన వేళ్ళకు తెలిసిన తెలుగు

మా ఇంట్లో దేవుడి గూటికీ కంప్యూటర్ బల్లకూ మధ్య ఒక్క గోడే అడ్డం. పొద్దున్నే నేను దీపం వెలిగించి నాలుగు మాటలు చదువుకునేలోపే గోడ అవతల మీటల చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడు వింటూ హారతి ఇవ్వడం నాకు అలవాటైపోయింది. చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం హారతి పళ్ళెం చేతిలో ఉండగానే ఆ గదిలోకి వెళ్ళేదాన్ని.

"ఏమ్మే, మూగదైపోయింది. ఏమన్నా డబ్బా వచ్చిండాదా చూడు" అనేవారు మా ఆయన.

మూగదైంది కంప్యూటర్. ఆయనకు చూపు లేదు. తెర మీద ఉన్నదంతా ఒక ప్రోగ్రాం చదివి వినిపిస్తుంది, ముక్కుతో మాట్లాడే గొంతుతో. వీధిలో వాళ్ళు "మీ ఇంట్లో ఎవరో జలుబు చేసినాయన ఉండాడే, మందియ్యరాదా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. అప్పుడప్పుడూ తెర మధ్యలో ఇంగ్లీషులో ఏదో డబ్బా వచ్చి నిలబడుతుంది. ఆ గొంతుకు అది కనిపించదు. అప్పుడు నేను కావాలి.

నేను బడికి పోలేదు. మాది రాజంపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు ఉబ్బసంతో మంచం మీదే ఎక్కువ కాలం గడిచింది. తెలుగు మా నాయనే ఇంట్లో నేర్పాడు, దేవుడి దయ వల్ల బాగానే నేర్పాడు. ఇంగ్లీషు మాత్రం అక్షరాల దగ్గరే ఆగిపోయింది. అందుకని డబ్బాలో ఉన్నదాన్ని ఒక్కో అక్షరం పలికేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని ఆ అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి మాట చేసేవారు. కళ్ళున్న నాకు మాట తెలియదు, మాట తెలిసిన ఆయనకు కళ్ళు లేవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి చదివినట్టు. మమ్మల్ని అట్లా జత చేసినందుకు ఆ స్వామికి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

కర్నూలు పాతబస్తీలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. ఆయన అక్కడ తెలుగు టైపు చేసేవారు. పెళ్ళి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, దర్గా ఉరుసు కరపత్రాలు, తిరునాళ్ళ పోస్టర్లు, అన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. చక్కెర జబ్బు కళ్ళలోకి వచ్చింది. మొదట అక్షరాల అంచులు పోయాయి. తర్వాత అక్షరాలు పోయాయి. ఇంక ఇంట్లో కూర్చోవడమే అనుకున్నాం. ప్రెస్సు యజమాని ముస్లిం, మా ఆయనకంటే చిన్నవాడు, ఆయన్ని అన్నా అనీ నన్ను వదినా అనీ పిలుస్తాడు. ఒకరోజు ప్రెస్సులో ఈయన పనిచేసిన కంప్యూటర్నే ఆటోలో ఎత్తుకొచ్చి మా బల్ల మీద పెట్టాడు.

"కండ్లు పోయినాయి గాని చేతులు పోలే కదన్నా. నేను ఫోన్లో చదివి పంపిస్తా, నువ్వు కొట్టు."

అంతే. అతను మాటలు రికార్డు చేసి పంపేవాడు. ఈయన ఒక చెవిలో అతని గొంతు, ఇంకో చెవిలో ముక్కు గొంతు వింటూ టైపు చేసేవారు. వేళ్ళు తడుముకునేవి కావు. ఏ మీట కింద ఏ అక్షరం ఉందో ఆయన వేళ్ళకు తెలుసు. ఆయన వాడేది ఒక పాత తెలుగు కీబోర్డు ప్రోగ్రాం. అందులో ఆయన తన చేతికి వీలుగా కొన్ని మీటలు మార్చుకున్నారు కూడా. అది ఆ కంప్యూటర్‌కే కట్టేసినట్టు ఉంటుంది, వేరేదాంట్లోకి రాదు. ఆ కంప్యూటర్లో ఉన్నది విండోస్ సెవెన్. దాన్ని చేసినవాళ్ళే వదిలేసి చాలా ఏళ్ళయింది.

అది మాకు కష్టంగా తోచలేదు. పాతది, పని చేస్తోంది, చాలు. కష్టం ప్రెస్సు వైపు నుంచి వచ్చింది.

"అన్నా, ఇంకమీదట పెన్‌డ్రైవులు లేవు" అన్నాడు యజమాని ఒకరోజు టీ తాగుతూ. "అచ్చు ప్లేట్లు తీసేవాళ్ళు ఇంటర్నెట్టులో ఒక పేజీ ఇచ్చినారు. టైపు చేసేది దాంట్లోనే, ప్రూఫు దిద్దేది దాంట్లోనే. ఈడ కొట్టింది ఆడ కనపడాల."

ఆ పేజీ మా కంప్యూటర్లో తెరిస్తే తెల్లగా ఉండిపోయింది. బ్రౌజరు పాతదన్నారు. కొత్తది ఎక్కించబోతే డబ్బా వచ్చింది. నేను అక్షరాలు పలికాను. ఆయన పేర్చుకున్నారు.

"ఏమంట?" అన్నాను.

"నీ ఇల్లు పాతది, నేను రానంటాంది."

యజమాని మంచివాడు. ప్రెస్సులో కొత్త కంప్యూటర్ ఉంది, దాన్నే ఇంటికి పంపిస్తానన్నాడు, ముందు ఒకసారి వచ్చి చేయి పెట్టి చూడమన్నాడు. నేనే వెంట తీసుకువెళ్ళాను. పాత స్నేహితులంతా చుట్టూ చేరారు. ఆయన కుర్చీలో సర్దుకుని, వేళ్ళు విరుచుకుని, ప్రతి పెళ్ళి పత్రిక మీదా మొదట కొట్టే 'శ్రీరస్తు' కొట్టారు. దాంట్లోనూ ఎక్కించి పెట్టిన ముక్కు గొంతు ఏదో పలికింది. అది తెలుగు కాదు, ఏ భాషా కాదు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే.

"ఏమన్నా, చైనావాళ్ళ పెండ్లా?" అన్నాడు మిషన్ దగ్గర ఉండే ఆయన.

అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు. కొత్తదాంట్లో అక్షరాలు వేరే మీటల కింద ఉన్నాయట. కళ్ళున్నవాళ్ళు చూసి నేర్చుకుంటారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు, చలేసినట్టు. ఎండ మండిపోతోంది.

"కండ్లు పోయిన దినం గూడ ఇంత గుడ్డోన్ని కాలేదుమే" అన్నారు.

ఆ మాట నా లోపల ఎక్కడో కూర్చుంది. నేను దేవుణ్ణి పెద్ద కోరికలు కోరేదాన్ని కాను. ఉన్నదానికి దండం పెట్టుకోవడమే నాకు తెలిసిన పూజ. ఆ సాయంత్రం మాత్రం అడిగాను. ఆయన వేళ్ళలో ఉన్న తెలుగును ఆయనకు ఉండనీ స్వామీ అని.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఇంటికి వచ్చాడు. నోటి దురుసు మనిషి, చేయి మంచిది.

"అక్కా, ఇది ముసిలెద్దు. దీని మెడ మీద కొత్త కాడి పెడతామంటే పండుకుంటాది" అన్నాడు.

"కొత్త విండోస్ ఎక్కిస్తే?" అన్నారు ఈయన.

"ఎక్కిస్తా. నీ కీబోర్డు ప్రోగ్రాం పోతాది. అది దీంట్లోనే బతుకుతాది. అది కావల్నంటే పేజీ రాదు, పేజీ కావల్నంటే అది రాదు. ఏదో ఒకటి చెప్పప్పా."

ఆయన రెండు చేతులూ మీటల మీద పెట్టుకున్నారు. ఆ మనిషి తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు తనే వచ్చాడు. ఎక్కడో వేరే దేశంలో ఎవరో, ఇట్లా పాత కంప్యూటర్లు వదులుకోలేని వాళ్ళ కోసం, కొత్త బ్రౌజరును పాతదాంట్లో నడిచేలా మార్చి ఊరికే ఇస్తున్నారట. ఎక్కించాడు. పేజీ తెరుచుకుంది. ఈయన వేళ్ళు ఆడాయి. ముక్కు గొంతు 'శ్రీరస్తు' అంది. ఆ గొంతు అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు నాకు.

"ఒకటి చెప్తా వినక్కా" అన్నాడు అతను. "దీనికి తలుపులుండాయి గాని గడియల్లేవు. బ్యాంకు పనులు దీంట్లో చేయద్దండి. తెలియని దాన్ని తెరవద్దండి. ప్రెస్సు పేజీ, అంతే."

ఆ వేరే దేశపు మనిషి పేరు ఎవరికీ తెలియదు. మగో ఆడో కూడా తెలియదు. సోమవారం గుడిలో అర్చన చేయించబోయాను.

"పేరు చెప్పమ్మా" అన్నాడు పూజారి.

"తెల్దు స్వామీ."

"గోత్రం?"

"అది గూడ తెల్దు. కంప్యూటర్లో మాకు శానా మేలు చేసినారు."

పూజారి నన్ను ఎగాదిగా చూసి, "సరే, శివగోత్రమని చెప్తాలే. పేరు ఆయనకు తెలుసులే" అంటూ లోపలికి చేయి చూపించి మంత్రం అందుకున్నాడు. నాకు తృప్తిగా అనిపించింది.

తృప్తే గాని భయం పోలేదు. పొద్దున్నే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు జబ్బు మనిషి గదిలోకి వెళ్ళినట్టు ఉండేది. కొత్త బ్రౌజరు దానికి బరువు. లోపల ఫ్యాను రొప్పేది. కరెంటు పోతే యూపీఎస్ కూతపెట్టేది, నేను వంట వదిలి పరుగెత్తేదాన్ని. అందుకని దాన్ని ఆపడమే మానేశాం. దేవుడి దీపంలాగా అదీ కొండెక్కకుండా చూసుకునేదాన్ని.

అట్లాంటి రోజుల్లో కర్ణాటక సరిహద్దున ఉన్న కోసిగి వైపు నుంచి ఒక భజన గుంపు పెద్దాయన ప్రెస్సుకు వచ్చాడు. మా ఆయన పుట్టిందీ ఆ వైపే. వాళ్ళు పాడుకునే తత్వాలు ఎక్కడా రాసి లేవు. ముసలివాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. అవన్నీ ఫోన్లో పాడి రికార్డు చేసుకొచ్చాడు. సగం కన్నడం కలిసిన ఆ మాటలు ప్రెస్సులో ఎవరికీ అంతుపట్టలేదు. యజమాని ఆ పెద్దాయన్ని మా ఇంటికే తీసుకొచ్చాడు.

"దసరా పోతానే సుగ్గికి పోతాం సామీ" అన్నాడు పెద్దాయన. ఆ వైపు వానల్లేని పల్లెల వాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసుకుని దూరపు ఊళ్ళకు పత్తికో మిరపకో కూలికి పోవడాన్ని సుగ్గి అంటారు. "పుస్తకం చేతిలో ఉంటే యాడ పోతే ఆడ పాడుకుంటాం. ఈ సాలు ముసిలోళ్ళు ఇద్దరు పోయినారు. వాళ్ళ పాటలు గూడ పోయినాయి. ఇంక పోనీగూడదు."

"ఈ మాటలు మా అమ్మ మాటలప్పా" అన్నారు మా ఆయన. "నేను కొట్టి ఇస్తా పో."

కళ్ళు పోయినాక ఆయన ఒక పనిని అట్లా చేతికి తీసుకోవడం నేను చూడలేదు. పాట విని, ఆపి, కొట్టి, తానూ సన్నగా పాడుకుని, మళ్ళీ వినేవారు. అన్నం చల్లారిపోయేది. నేను పిలిచేదాన్ని కాను. పండుగ దగ్గర పడేసరికి ఎక్కువ భాగం అయిపోయింది. కొన్ని పాటలు మిగిలాయి.

మహర్నవమి వచ్చింది. ఆ రోజు పనిముట్టు అన్నదాన్ని ఎవరూ ముట్టరు. కడిగి, తుడిచి, బొట్టు పెట్టి పక్కన పెడతారు. రైతు నాగలి పట్టడు, దర్జీ కత్తెర పట్టడు. మా ప్రెస్సులో కూడా అంతే. యజమాని నమాజు చేసుకునేవాడే అయినా ఆ రోజు మిషన్ల ముందు బూడిద గుమ్మడికాయ కొట్టించి, పనివాళ్ళకు బొరుగులూ బెల్లమూ తన చేత్తోనే పంచుతాడు.

"ఈసారి దీన్ని ఆపకుండానే బొట్టు పెడదామా?" అన్నాను.

"పని చేస్తాండే దానికి పూజ ఏంది?" అన్నారు ఆయన. "నాగలి దున్నుతాంటే బొట్టు పెడతారా? ఇన్నేండ్లు దీన్తో అన్నం తిన్నాం. ఒక్క దినం పండుకోనీ దాన్ని."

ఆయన మాట నాకూ న్యాయంగానే తోచింది. ఆయనే ఆపారు. వైర్లు తడుముకుంటూ ఊడదీశారు. నేను పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూలు పెట్టాను. ఫ్యాను రొప్పు లేని ఆ గది ఎంత నిమ్మళంగా ఉందో. ఆయన దాని మీద చేయి పెట్టి కాసేపు కూర్చున్నారు.

దశమి నాడు వైర్లు తగిలించి మీట నొక్కాం. లేచింది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. పేజీ మాత్రం తెరుచుకోలేదు. డబ్బా వచ్చింది. నేను అక్షరాలు పలికాను.

"నీ గడియారం వెనకబడిందంట" అన్నారు ఆయన పేర్చుకుని. "మూలన తేదీ ఏముండాది చూడు."

చూశాను. ఎన్నో ఏళ్ళ కిందటి జనవరి. సంవత్సరం చదివి వినిపించాను. ఆయన గట్టిగా నవ్వారు.

"దానికి బాగనే తెలుసుమే. ఆ సాలు నాకు కండ్లుండె."

నాకు నవ్వు రాలేదు. ఆయన చెప్తూ ఉంటే తేదీ సరిచేశాను. పేజీ తెరుచుకుంది. స్వామీ అనుకున్నాను. ఆయన పాట పెట్టుకుని, విని, ఆపి, వేళ్ళు ఆడించారు. ముక్కు గొంతు ఇంగ్లీషు అక్షరాలు పలికింది. ఇంకోసారి. అవే. కీబోర్డు ప్రోగ్రాం డబ్బా ఒకటి వెనకాల నిలబడి ఉంది. అందులోని అక్షరాలు పలకడం మొదలుపెట్టాను. ఆయన సగంలోనే ఆపమన్నారు.

బాగుచేసే ఆయన పండుగ బట్టల్లోనే వచ్చాడు. లోపల టైము గుర్తు పెట్టుకునే చిన్న బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో అయిపోయిందట. వైరు తగిలించి ఉన్నంతకాలం తెలియలేదు. ఊడదీయగానే కంప్యూటర్ తేదీ మరిచిపోయింది. బ్యాటరీ మార్చాడు. అది పెద్ద పని కాదు.

"బాధ అది కాదక్కా. తేదీ వెనక్కి పోయి మళ్ళా ముందుకు వచ్చింది కదా, ఎవరో వాడుకునే గడువు దొంగిలించనీకి తేదీ తిప్పినారని ఈ కీబోర్డు ప్రోగ్రాం అనుకున్నాది. తాళం ఏసుకుని కూర్చున్నాది. తీయాలంటే దాన్ని చేసినోళ్ళే నంబరు ఇయ్యాల."

ఆ ప్రోగ్రాం వచ్చిన అట్టపెట్టె మీద ఉన్న ఫోను నంబరుకు చేశాడు. అలాంటి నంబరు లేదంది. వెతికాడు, ఆ సంస్థే లేదు. తీసేసి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ నంబరే అడిగింది. నోటి దురుసు మనిషి, ఆ రోజు ఒక్క జోకు కూడా వేయలేదు. వెళ్ళేటప్పుడు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, మళ్ళీ తీసి, లోపలికి వచ్చి ఆయన భుజం తట్టి వెళ్ళాడు.

ఇది ఎందుకు జరిగిందని నేను దేవుణ్ణి అడగలేదు. అడిగితే మా ఆయన చేయమన్న పూజ తప్పయినట్టు అవుతుంది. ఆ పూజలో తప్పు లేదు. అది మాత్రం నాకు బాగా తెలుసు.

మర్నాడు యజమాని కొత్త కంప్యూటర్ పంపించాడు. సుగ్గి మనుషులు ఆగరు, వాళ్ళ లారీ ఆగదు. మిగిలిన పాటలు నేనే కొట్టాలని అనుకున్నాం. మీటల మీద తెలుగు అక్షరాలు అంటించారు. ఆయన పాట విని ఒక్కో మాటా చెప్తారు, నేను ఒంటి వేలితో వెతికి నొక్కుతాను. తప్పు పడితే ముక్కు గొంతు పట్టిస్తుంది. "అట్లగాదుమే" అంటారు. మళ్ళీ నొక్కుతాను. ఆయన చేతులు ఒళ్ళో ఉండేవి, ఒకదాని మీద ఒకటి. నేను తెర వైపు చూడాలి గానీ వాటి వైపే చూసేదాన్ని. పాటలు మాత్రం ఒక్కొక్కటిగా అయిపోతున్నాయి. పని జరిగినందుకు దండం పెట్టుకుంటూనే, ఆ చేతులను చూసి దుఃఖం ఆపుకోలేకపోయేదాన్ని. రెండూ ఒకే మనసులో ఎట్లా ఇమిడాయో తెలియదు.

చివరి పాట మొదలుపెట్టేటప్పుడు ఆయన అన్నారు. "లేమ్మే. ఆ కుర్చీ ఇటియ్యి."

ఇచ్చాను.

"చెప్పొద్దు. నా చెయ్యి పట్టొద్దు. నువ్వు బయటికి పో."

నేను గడప మీద కూర్చున్నాను. ఒక మీట నొక్కారు. గొంతు ఒక అక్షరం పలికింది. చెరిపారు. పక్క మీట. చెరిపారు. ఇంకో మీట. ఆగారు. నొక్కారు. ఒక్క మాట కావడానికి నేను రెండు సోలల బియ్యం ఏరేశాను. మధ్యలో ఒకసారి బల్ల మీద గట్టిగా గుద్దిన చప్పుడైంది. లేవబోయి కూర్చున్నాను. తర్వాత మళ్ళీ ఒక మీట.

ఫోను మోగింది. ప్రెస్సు యజమాని.

"వదినా, పేజీలన్నీ వచ్చినాయి, కడాపటి పాట రాలే. ప్లేట్లు మిషన్ ఎక్కించి నిలబడుకోనుండాం. కోసిగి పెద్దాయన గూడ ఈన్నే ఉండాడు. నువ్వు కొడతాండావా?"

"నేను కాదు" అన్నాను. "ఆయన కొడతాండాడు."

అవతల మిషన్ రొద వినిపిస్తోంది. అతను ఫోను పక్కకు పెట్టి ఎవరితోనో ఏదో అన్నాడు. ఆ రొద నెమ్మదిగా తగ్గి, ఆగిపోయింది.

"కొట్టనీ వదినా" అన్నాడు. "మిషన్ ఆపినాం. అయ్యేదాకా ఉంటాం."